రాజును సెలవడిగిన యోసేపు

పాత రిజిస్టర్ల దుమ్ము దులిపే పని సంఘకాపరులమైన మాకు ఇటీవలి సంవత్సరాల్లో బాగా పెరిగింది. అమెరికాలో శాశ్వత నివాసానికి, అంటే అందరం గ్రీన్ కార్డు అని పిలిచే దానికి, దరఖాస్తు పెట్టుకున్న మన బిడ్డలు పుట్టిన తేదీకి రుజువు చూపాలి. 1970లలో, 80లలో పల్లెల్లో ఇంటి దగ్గరే పుట్టిన చాలామంది పేర్లు అప్పట్లో పంచాయతీలో నమోదు కాలేదు. అలాంటివారి విషయంలో అక్కడి అధికారులు ఇతర రుజువులతో పాటు సంఘపు బాప్తిస్మ రిజిస్టరును కూడా పరిశీలిస్తారు. శిశువులకు బాప్తిస్మమిచ్చే సంఘాల్లో ఆ రిజిస్టరు ఉంటుంది. చెదలు తినకపోతే ఉంటుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించిన కాపరి ఇచ్చే ధ్రువపత్రం కూడా భార్యాభర్తల దరఖాస్తు వెంట వెళుతుంది. అందుచేత ఆ వరుసలో ఎవరెవరు నిలబడ్డారో బంధువుల కంటే ముందు మాకే తెలుస్తుంది. తేదీ కాస్త అటూ ఇటూ సర్దమని అడిగేవారూ ఉంటారు. అది మాత్రం మా వల్ల కాదు. దేవుని మందిరపు రిజిస్టరు దేవునిదే.

కాగితాలు పంపిన కొంత కాలానికి అదే ఇంటి నుంచి రెండో కబురు వస్తుంది. తండ్రికి పక్షవాతం వచ్చిందనో, తల్లి ఐసీయూలో ఉందనో చెబుతారు. కొడుకు బయలుదేరాలా, ఆగాలా? ప్రార్థన చేసి చెప్పమంటారు. ఆ ప్రశ్న వెనక ఎంత బరువుందో తెలియాలంటే అక్కడి నియమం కొంచెం తెలియాలి.

అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డు కోరేవారు ఐ-485 అనే దరఖాస్తు పెడతారు. అది తేలకముందు అనుమతి లేకుండా దేశం దాటితే, ఆ దరఖాస్తును వారే వదులుకున్నట్టు అధికారులు లెక్కిస్తారు. దాటి మళ్లీ రావాలనుకుంటే ఐ-131 అనే మరో దరఖాస్తు పెట్టి ముందుగా ప్రయాణ అనుమతి పొందాలి. దాని పేరు అడ్వాన్స్ పెరోల్. పెరోల్ అనగానే మన ఊళ్లో జైలు గుర్తొస్తుంది గాని, అక్కడి చట్టంలో దానికి అర్థం వేరు. హెచ్-1బి, ఎల్-1 ఉద్యోగ వీసాల మీద ఉన్నవారికి, ఆ వీసాల మీద ఆధారపడిన భార్యాభర్తలకు, పిల్లలకు కొంత వెసులుబాటు ఉంది. వీసా స్టాంపు చెల్లుబాటులో ఉండి, అదే హోదాలో తిరిగి వస్తే ఈ పెరోల్ లేకపోయినా దరఖాస్తు పోదు. విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. హెచ్-1బి వదిలేసి, పెండింగు దరఖాస్తు మీద వచ్చిన పని అనుమతితో ఉద్యోగం చేస్తున్నవారికీ లేదు. అనుమతి పత్రం చేతికి రాకముందే విమానం ఎక్కితే, దారిలో ఉండగా అది మంజూరవుతుందని ఆశ పెట్టుకోకూడదు. పత్రం ఉన్నా తిరిగి అడుగుపెట్టేటప్పుడు విమానాశ్రయంలో అధికారి పరిశీలించాకే లోపలికి పంపుతాడు. హామీ ఏమీ లేదు.

ఇది ఆరు నెలల సంగతైతే ఎవరైనా ఓర్చుకుంటారు. కాని 1990లో చేసిన చట్టం ప్రకారం ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. వాటిలో సాధారణంగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కవు. చిన్న దేశమైనా మన దేశమైనా ఆ హద్దు ఒక్కటే. అందుకే ఉద్యోగ వర్గాల్లో ఎక్కువమంది ఉండే రెండు, మూడు తరగతుల్లో మనవారి వరుస పదేళ్లకు పైబడి వెనకబడి ఉంది. ఒక్కోసారి తలుపు హఠాత్తుగా తెరుచుకుంటుంది. 2007 జూలైలో దాదాపు అందరూ దరఖాస్తు పెట్టుకోవచ్చని ముందు ప్రకటించారు, జూలై 2న కాదన్నారు, జూలై 17న మళ్లీ సరేనని ఆగస్టు 17 వరకు గడువిచ్చారు. ఐ-485 పెట్టే రోజున మనిషి అమెరికా గడ్డ మీదే ఉండాలి. ఆ సమయంలో స్వదేశానికి వచ్చి ఉన్నవారి పరిస్థితి ఊహించండి.

ఇక మామూలుగా వీసా స్టాంపు కోసం స్వదేశం వచ్చేవారికి కూడా నెమ్మది తక్కువే. 2021లో కరోనా రెండో విడతలో తల్లిదండ్రుల కోసం పరుగున వచ్చినవారు, ఆ ఏడాది మే 4 నుంచి నవంబరు 8 వరకు అమెరికా విధించిన ప్రయాణ ఆంక్షల వల్ల ఇక్కడే చిక్కుకుపోయారు. 2025 సెప్టెంబరు 19న హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడినప్పుడు, విమానం ఎక్కి కూర్చున్నవారు భయపడి దిగిపోయారని పత్రికల్లో చదివాం. అది కొత్త దరఖాస్తులకే తప్ప అప్పటికే వీసా ఉన్నవారికి కాదని మర్నాడు వివరణ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలుకావడంతో మన దేశంలోని కాన్సులేట్లలో ఎందరివో వీసా ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. పది రోజుల సెలవు మీద వచ్చినవారు అత్తవారింట్లో కూర్చుని రాత్రిపూట అమెరికా ఉద్యోగం చేసుకోవాల్సి వచ్చింది, అదీ కంపెనీ ఒప్పుకుంటేనే.

ఇంత తెలిశాక చూస్తే, మన సంఘాల్లో తేలిగ్గా వినిపించే మాటలు రెండూ తప్పే. "దేవుని మీద భారం వేసి బయలుదేరు, ఆయనే చూసుకుంటాడు" అన్నది ఒకటి. "డాలర్ల కోసం కన్నతండ్రి కడచూపు కూడా వదులుకున్నాడు" అన్నది రెండోది. విచిత్రమేమిటంటే మొదటి మాట అన్నవారే, అతను రాకపోతే వారం తిరక్కుండా రెండో మాట అంటారు.

డాలస్ దగ్గర ఉండే ఒక విశ్వాసి విషయంలో ఇదంతా మేము దగ్గరుండి చూశాం. అతను ఉద్యోగం మారినప్పుడు హెచ్-1బి వదిలి పని అనుమతి మీదికి మారాడు. పాత ప్రయాణ అనుమతి గడువు తీరింది, కొత్తది ఇంకా రాలేదు. అదే సమయంలో తెనాలి ప్రాంతంలోని పల్లెలో తండ్రి కూలబడ్డాడు. అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ అర్ధరాత్రి దాటాక ఫోన్. "అయ్యగారూ, వచ్చేయమంటారా? ఇక్కడ మా ప్రార్థన కూటంలో పెద్దాయన ఒకరు, ఎర్ర సముద్రం చీల్చిన దేవుడికి ఇమిగ్రేషన్ ఒక లెక్కా అంటున్నారు."

ఎర్ర సముద్రం సంగతి మాకూ తెలుసు. అయితే ఆ రాత్రి మాకు గుర్తొచ్చింది అంతకు ముందు జరిగిన మరో ప్రయాణం. ఆదికాండం 50వ అధ్యాయం.

యాకోబు ఐగుప్తులో చనిపోయాడు. కనానులో, మక్పేలా గుహలో పాతిపెట్టమని కొడుకు చేత ముందే ప్రమాణం చేయించుకున్నాడు. యోసేపు అప్పటికి ఆ దేశంలో రాజు తర్వాత రాజంతటివాడు. ధాన్యపు కొట్ల తాళాలు అతని చేతిలో ఉన్నాయి. కావాలంటే రథం కట్టించుకుని వెళ్లిపోగలడు, అడ్డేవాడు లేడు. అయినా ఏడ్పు దినాలు గడిచాక ఫరో ఇంటివారి ద్వారా రాజుకు మనవి పంపుకున్నాడు. మనవి చాలా చిన్నది, అందులో మూడే సంగతులున్నాయి: తండ్రి నాచేత ప్రమాణం చేయించాడు, వెళ్లి పాతిపెడతాను, తిరిగి వస్తాను. ఈ మూడో మాటను ప్రసంగాల్లో మనం పెద్దగా పట్టించుకోం. తిరిగి వస్తానని చెప్పడం అక్కడ ముఖ్యం. ఫరో ఒప్పుకున్నాడు. యోసేపు వెళ్లాడు, పాతిపెట్టాడు, చెప్పినట్టే తిరిగి వచ్చాడు (50:14). ఇంకొక చిన్న వివరం 8వ వచనంలో ఉంది. చిన్న పిల్లలను, మందలను గోషెనులోనే వదిలి వెళ్లారు. భార్యాపిల్లలను అక్కడ వదిలి ఒంటరిగా టిక్కెట్టు కొనుక్కుని వచ్చే మన బిడ్డలకు ఆ వచనం వేరుగా అర్థమవుతుంది.

ఇలాంటి మనవి బైబిల్లో ఇంకొకటి ఉంది. నెహెమ్యా షూషను కోటలో పారసీక రాజుకు పానదాయకుడు. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు అతనికి కిస్లేవు మాసంలో అందింది. రాజు ముందు నోరు విప్పింది నీసానులో. మధ్యలో సుమారు నాలుగు నెలలున్నాయి. ఆ నాలుగు నెలలూ అతను ఉపవాసముండి ప్రార్థించాడు, ఉద్యోగమూ చేశాడు. ముఖం ఎందుకు చిన్నబోయిందని రాజు అడిగినప్పుడు తన పితరుల సమాధులున్న పట్టణం పాడైపోయిందన్నాడు. ఎన్నాళ్లు పడుతుంది, ఎప్పుడు తిరిగి వస్తావని రాజు అడిగాడు. ఈనాటి అధికారి అడిగేదీ అదే. నెహెమ్యా గడువు చెప్పాడు. అంతటితో ఆగక, నది అవతలి అధికారులు తనను దాటనిచ్చేలా ఉత్తరాలు ఇప్పించమన్నాడు, అడవుల కావలివాడైన ఆసాపుకు మరో ఉత్తరం అడిగాడు. రాజు సైనికులను తోడిస్తే వద్దనలేదు. అతనికంటే ముందు వెళ్లిన ఎజ్రా మాత్రం రాజును సైనికులనడగడానికి సిగ్గుపడి ఉపవాసంతో బయలుదేరాడు (ఎజ్రా 8:22). ఇద్దరినీ నడిపించింది ఒకే దేవుడు. ఎజ్రా విశ్వాసి, నెహెమ్యా అల్పవిశ్వాసి అని లేఖనం ఎక్కడా అనలేదు. పైగా ఎజ్రా కూడా రాజు తాకీదు చేతిలో పెట్టుకునే వెళ్లాడు, ఏడో అధ్యాయంలో అది మొత్తం ఉంది.

గమనించండి. బైబిల్లో రాజును ప్రయాణ అనుమతి అడిగిన ఈ ఇద్దరి మనవుల్లోనూ సమాధి ఉంది. ఒకరిది తండ్రి సమాధి, ఒకరిది పితరుల సమాధులు. పరదేశంలో ఉన్నవాడి గుండె ఎక్కడ లాగుతుందో దేవునికి తెలుసు. దాని కోసం అన్యుడైన రాజు దగ్గర వంగి అడగడం అవిశ్వాసమని ఆయన అనలేదు.

కాబట్టి డాలస్ అబ్బాయికి మేము చెప్పింది ఇది: కాగితం అడుగు నాయనా, అది లేకుండా కదలకు. తల్లిదండ్రుల ప్రాణం మీదికి వచ్చినప్పుడు, మరణం సంభవించినప్పుడు అత్యవసర ప్రయాణ అనుమతి కోరే మార్గం ఒకటుంది. ఇమిగ్రేషన్ శాఖ వారి కాల్ సెంటరుకు ఫోన్ చేసి స్థానిక కార్యాలయంలో సమయం తీసుకోవాలి. ఐ-131 దరఖాస్తు, రుసుము, ఫోటోలు, ఆసుపత్రి ఉత్తరం చేతపట్టుకుని వెళ్లాలి. ఇవ్వడం ఇవ్వకపోవడం అక్కడి అధికారి విచక్షణ. ఇది చాలామంది మనవాళ్లకు తెలియదు. లాయరు ఫోనెత్తేదాకా ఏడుస్తూ కూర్చుంటారు. గుంటూరులోని డాక్టరుగారు ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసిచ్చారు, రోగి పరిస్థితి ఉన్నదున్నట్టు. (చెల్లెలి పెళ్లికి రావడం కోసం తల్లికి లేని జబ్బు రాసిమ్మని కాపరులను, డాక్టర్లను అడిగేవారు ఒక్క సంగతి ఆలోచించాలి. మీ అబద్ధం వల్ల రేపు నిజంగా తల్లి పోయినవాడి ఉత్తరాన్ని కూడా ఆ అధికారి అనుమానంగా చూస్తాడు.)

తండ్రి మూడో రోజు తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. అనుమతి ఐదో రోజున వచ్చింది. నాలుగో రోజు భూస్థాపన మేమే జరిపించాం. కొడుకు ఫోన్‌లో చూశాడు. సమాధి దగ్గర మనవడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, మధ్యలో సిగ్నల్ పోయింది, మట్టి వేసేటప్పుడు మళ్లీ వచ్చింది. ఆదరణ కూడిక నాటికి అతను చేరుకున్నాడు. వచ్చినవారిలో కొందరు అతని ఎదుటే గొణిగారు. ఆ తల్లి లేచి అంది: "మావాడు వస్తానని కాగితం పెట్టుకున్నాడు. వాళ్ల నాన్న ఆగలేకపోయాడు. ఎవరి తప్పూ లేదు." ఆ రోజు మా ప్రసంగం కంటే ఆ మాటే ఎక్కువమందికి గుర్తుండిపోయింది.

అతను కాగితం కోసం ఆగకుండా వచ్చేసి ఉంటే? వచ్చేసినవారూ ఉన్నారు, వారిని తెలివితక్కువవారని మేము అనం. ఒక విషయం మాత్రం స్పష్టంగా తెలుసుకోవాలి. ఐ-485 పోయినంత మాత్రాన సర్వం పోదు. కంపెనీ తరఫున పెట్టిన ఐ-140 ఆమోదమై ఉంటే సాధారణంగా వరుసలోని తేదీ నిలిచే ఉంటుంది. తిరిగి వీసా సంపాదించుకోవాలి, లేదా తమ వంతు వచ్చినప్పుడు కాన్సులేటు ద్వారా ప్రయత్నించాలి. ఆ లోపు ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు ఏమవుతాయన్నది నిజమైన నష్టం. 21 ఏళ్లు దగ్గరపడుతున్న పిల్లలుంటే, ఆ వయసు దాటాక తల్లిదండ్రుల దరఖాస్తు కింద నిలవలేకపోయే ప్రమాదం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ తెలిసి, భార్యతో కూర్చుని మాట్లాడుకుని, "అయినా అమ్మ దగ్గరికే వెళ్తాను" అనుకున్నవాడికి మేము అడ్డుచెప్పం. తెలియక, ఎవరో ఆవేశపరిస్తే బయలుదేరడం వేరు. లాయరు ఫీజుకు వెనకాడి, వాట్సాప్‌లో వచ్చిన సలహా మీద బతుకు పెట్టేవారిని చూస్తే మాకు బాధేస్తుంది.

ఈ సందర్భంలో రెండు వాక్యభాగాలను మనవారు కర్రల్లా వాడుతున్నారు. ఒకటి ఫిలిప్పీ 3:20. మన పౌరస్థితి పరలోకంలో ఉండగా భూలోకపు గ్రీన్ కార్డు కోసం ఈ ఆరాటమేమిటంటారు. ఫిలిప్పీ రోమా వలస పట్టణం. రోమా పౌరసత్వం అక్కడివారికి గొప్ప గర్వకారణం. వారికి అర్థమయ్యే పోలికతో పౌలు పరలోకాన్ని చెప్పాడు. అదే పౌలు అదే ఫిలిప్పీలో, విచారణ లేకుండా కొట్టి చెరలో వేసిన అధికారుల ముందు తన రోమా పౌరసత్వాన్ని బయటపెట్టాడు (అపొ. కార్యములు 16:37). కాగితం విలువ తెలిసినవాడే ఆ మాట రాశాడు.

రెండోది లూకా 9:59, 60. తండ్రిని పాతిపెట్టి వస్తానన్నవాడికి యేసుప్రభువు ఇచ్చిన కఠినమైన జవాబు. దీన్ని పట్టుకుని, రాలేని కొడుకును ఓదార్చబోయి "చనిపోయినవారి సంగతి నీకెందుకు" అనేవారున్నారు. అది ఓదార్పు కాదు. ఆ వ్యక్తి దేవుని రాజ్యం కంటే ముందు వేరే పని పెట్టాడు. మనవాడి ముందున్నది దేవుని రాజ్యం కాదు, ఒక దేశపు దరఖాస్తు. రెంటినీ ఒక తక్కెడలో పెట్టకూడదు. పెడితే గ్రీన్ కార్డును పరలోకం పక్కన కూర్చోబెట్టినవారమవుతాం.

కడచూపు లేని ఎడబాటు కొత్తది కాదు. కంపెనీ వారి లైసెన్సు లేదని ఇంగ్లిష్ ఓడ నుంచి దించేస్తే విలియం కేరీ డెన్మార్క్ ఓడ ఎక్కి 1793లో బెంగాలు చేరాడు. ఆ తర్వాత డేనిష్ వారి పాలనలో ఉన్న సిరాంపూర్‌లో తలదాచుకున్నాడు. 1834లో చనిపోయేవరకు మళ్లీ ఇంగ్లండు ముఖం చూడలేదు. ఇంటి దగ్గర ఎవరు పోయినా ఆ కబురు ఉత్తరంలో నెలల తర్వాత అందేది. ఈనాటివారికి కబురు నిమిషంలో అందుతుంది, మనిషి మాత్రం రాలేడు. ఏది ఎక్కువ బాధో చెప్పలేం.

ఇక్కడున్న సంఘం చేయగలిగింది ఒకటుంది. సిలువ మీద మేకులతో బిగించబడి, తల్లి వైపు ఒక్క అడుగు కూడా వేయలేని స్థితిలో ప్రభువు ఆమెను యోహానుకు అప్పగించాడు. ఆ గడియ నుంచే ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26, 27). యోహాను ఆ ఏర్పాటు గురించి వాదించలేదు, మీ తమ్ముళ్లు లేరా అని అడగలేదు. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రుల ఇళ్లు ఇవాళ ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. వాళ్లను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, రాత్రి ఎవరు తోడుంటారు, డిశ్చార్జి కాగితాల మీద ఎవరు సంతకం పెడతారు అన్నవి సంఘ పెద్దల సమావేశంలో చర్చకు రావాలి. గోడలకు సున్నం వేయించే ఖర్చు చర్చకు వస్తున్నప్పుడు ఇదీ రావచ్చు. కొన్ని సంఘాల్లో యవ్వనస్థులు వంతులు వేసుకుని ఈ పని చేస్తున్నారు. వారికి పేరు రాదు గాని, సముద్రం అవతల ఒక కొడుకు ఆ రాత్రి కాస్త నిద్రపోతాడు.

తల్లిదండ్రులు కూడా యాకోబును చూసి ఒకటి నేర్చుకోవచ్చు. అతను మంచం పట్టేదాకా ఆగలేదు. 47వ అధ్యాయం చివర యోసేపుకు చెప్పాడు, 49వ అధ్యాయం చివర కొడుకులందరికీ మళ్లీ చెప్పాడు. మన ఇళ్లలో ఆ మాట ఎత్తితే అపశకునం అంటారు. విశ్వాసుల ఇళ్లలో అపశకునమేమిటో మాకు అర్థం కాదు.

మా సంఘంలో డెబ్బై దాటిన ఒక తల్లి ఉంది. ఇద్దరు కొడుకులూ అమెరికాలోనే, ఇద్దరి దరఖాస్తులూ పెండింగులోనే. ఒక ఆదివారం ఆరాధన తర్వాత మా చేతికి అంటించిన కవరు ఇచ్చింది. లోపల ఏముందో తనే చెప్పింది. తనను భర్త పక్కనే పాతిపెట్టాలి. పిల్లల కోసమని ఫ్రీజరు పెట్టెలో రోజుల తరబడి ఉంచకూడదు. ఏ కీర్తన పాడాలో, ఎవరు ప్రార్థన చేయాలో రాసింది. కొడుకులు రాలేకపోతే వారిని ఎవరూ ఒక్క మాట అనకూడదని, అలా అనబోయేవారికి ముందు ఈ ఉత్తరం చదివి వినిపించాలని రాసింది. కవరు మందిరం బీరువాలో, బాప్తిస్మ రిజిస్టర్ల పక్కన ఉంది. ఆమె ఇప్పటికీ ప్రతి ఆదివారం మొదటి గంటకే వచ్చి రెండో వరుసలో కూర్చుంటుంది. పెద్ద కొడుక్కి ప్రయాణ అనుమతి వచ్చిందని పోయిన వారం చెప్పింది. క్రిస్మస్‌కు వస్తాడట, పది రోజులుంటాడట.